అరోరా తీర్పు తిరుపతిలో చెల్లుతుందా?

తిరుపతిలో పెళ్లి. మిస్సోరీలో విడాకులు. యాదగిరిగుట్టలో మరో పెళ్లి. ఆ తర్వాత హైదరాబాద్ కోర్టు, చివరికి ఢిల్లీలో సుప్రీంకోర్టు. సినిమా కథ కాదు. వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి పేరుతో లా కాలేజీల్లో ఇప్పటికీ చదివిస్తున్న కేసు. అమెరికాలో విడాకుల మాట ఎత్తే ప్రతి తెలుగు ఇల్లూ ఒక్కసారైనా తెలుసుకోవాల్సిన కేసు కూడా.

1975 ఫిబ్రవరిలో తిరుపతిలో వాళ్ల పెళ్లయింది. 1978లో విడిపోయారు. భర్త మిస్సోరీలోని సెయింట్ లూయీ కౌంటీ సర్క్యూట్ కోర్టులో విడాకులకు దరఖాస్తు చేశారు. 90 రోజులుగా ఆ రాష్ట్రంలో ఉంటున్నాననీ, వివాహ బంధం తిరిగి అతకని విధంగా తెగిపోయిందనీ చెప్పారు. భార్య ఇండియా నుంచే అభ్యంతరం తెలుపుతూ జవాబు పంపారు, అక్కడి కోర్టుకు వెళ్లలేదు. 1980 ఫిబ్రవరిలో ఆమె లేకుండానే విడాకులు మంజూరయ్యాయి. 1981 నవంబరులో ఆయన యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నారు. భార్య బతికుండగా, విడాకులు కాకుండా రెండో పెళ్లి చేసుకున్నారంటూ మొదటి భార్య హైదరాబాద్‌లో క్రిమినల్ కేసు పెట్టారు. 1991 జులై 9న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మిస్సోరీ విడాకులు ఇండియాలో చెల్లవని.

అంటే ఒకే జంట అమెరికాలో విడిపోయినవాళ్లు, ఇండియాలో భార్యాభర్తలు.

ఈ కేసు గురించి ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. నేను లాయర్‌ను కాను. ఇల్లినాయిస్‌లోని అరోరాలో ఉంటూ తెలుగు సంఘం సేవా కార్యక్రమాల్లో పాలు పంచుకుంటున్నాను కాబట్టి ఇలాంటి ఫోన్లు నాకు వస్తుంటాయి. ‘బాబూ, మా అమ్మాయికి అక్కడి కోర్టు నుంచి ఏదో కాగితం వచ్చింది, ఏం చేయమంటావు?’ అని గుంటూరు నుంచి ఒక తండ్రి అడుగుతారు. ‘అన్నా, మాకు గొడవలేం లేవు, కలిసి ఉండలేం అంతే, ఎక్కడ ఫైల్ చేయాలి?’ అని రాండల్ రోడ్డు పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే కుర్రాడు అడుగుతాడు. నేను చేసేదల్లా సరైన లాయర్ దగ్గరికి, సరైన సంస్థ దగ్గరికి దారి చూపించడమే. అయితే ఆ దారిలో లాయర్ల నోట పదే పదే విన్న మాట ఒకటుంది. మన పెళ్లిళ్ల విషయంలో కొట్లాడి తెచ్చుకున్న తీర్పు కన్నా, ఇద్దరూ కూర్చుని ఒప్పుకుని తెచ్చుకున్న తీర్పే రెండు దేశాల్లోనూ గట్టిగా నిలబడుతుంది. అది ఎందుకో, ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మీ ఇల్లు ఏ కౌంటీలో ఉంది?

బాలాజీ గుడి ఉన్న ఊరుగా అరోరా మనందరికీ తెలుసు. ఈ ఊరు నాలుగు కౌంటీల్లో పరచుకుని ఉందన్న సంగతి ఇల్లు కొన్నప్పుడు ప్రాపర్టీ టాక్స్ బిల్లులో చూసి ఉంటాం, ఆ తర్వాత మరచిపోయి ఉంటాం. విడాకుల దగ్గర అది మళ్లీ గుర్తుకొస్తుంది. కేన్ కౌంటీ అయితే జెనీవా, డుపేజ్ అయితే వీటన్, కెండాల్ అయితే యార్క్‌విల్, విల్ అయితే జోలియెట్ కౌంటీ కేంద్రాలు. నాలుగూ నాలుగు వేర్వేరు జ్యుడీషియల్ సర్క్యూట్లు. భార్యాభర్తల్లో ఎవరో ఒకరు ఉంటున్న కౌంటీలో కేసు వేయాలి. చట్టం ఒకటే అయినా మధ్యవర్తుల జాబితా, స్థానిక నియమాలు సర్క్యూట్‌ను బట్టి మారుతాయి. అందుకే లాయర్‌ను కలిసినప్పుడు ‘మా కౌంటీ కోర్టులో మీరు తరచూ వాదిస్తుంటారా?’ అని అడగడం మంచిది.

ఇల్లినాయిస్ చట్టం ఏమంటోంది?

2016 జనవరి 1 నుంచి ఇల్లినాయిస్‌లో విడాకులకు ఒకే ఒక్క కారణం మిగిలింది: సర్దుకోలేని విభేదాలు. ఎవరిది తప్పు అన్న విచారణ లేదు. దంపతుల్లో ఒకరు 90 రోజులుగా రాష్ట్రంలో నివాసం ఉంటే చాలు. ఆరు నెలలు విడిగా బతికారంటే విభేదాలు ఉన్నట్టే చట్టం భావిస్తుంది. విడిగా బతకడమంటే వేర్వేరు ఇళ్లలోనే ఉండాలని లేదు. ఒకే కప్పు కింద ఉంటూ దంపతులుగా జీవించకపోయినా లెక్కలోకి వస్తుంది.

ఇక్కడ ఆగి పై కేసు గుర్తు చేసుకోండి. 90 రోజుల నివాసం, తెగిపోయిన బంధం. మిస్సోరీలో అప్పుడు చెప్పిన రెండూ ఇల్లినాయిస్‌లో ఇప్పుడు చెప్పే వాటికి చాలా దగ్గర. హిందూ వివాహ చట్టం 1955లో ‘బంధం తెగిపోయింది’ అన్న కారణం ఇప్పటికీ లేదు. దాన్ని చేర్చే బిల్లు 2013లో రాజ్యసభ దాటినా చట్టం కాలేదు. 2023 మే 1న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ కారణంతో 142వ అధికరణం కింద విడాకులు ఇవ్వవచ్చని చెప్పింది కానీ, ఆ అధికారం సుప్రీంకోర్టుకు మాత్రమే. కింది కోర్టులకు లేదు.

డబ్బు లెక్కలు కూడా క్లుప్తంగా చూద్దాం. ఆస్తి పంపకం ఇల్లినాయిస్‌లో సరిసగం కానక్కర్లేదు, న్యాయంగా ఉండాలి. పెళ్లయ్యాక సంపాదించినది సాధారణంగా ఉమ్మడి. పెళ్లికి ముందున్నది, వారసత్వంగా వచ్చినది, బహుమతిగా అందినది సొంతం. ఇంటితోపాటు 401కె ఖాతా, కంపెనీ షేర్లు కూడా లెక్కలోకి వస్తాయి.

భరణం ఇవ్వడం సబబని కోర్టు భావించి, ఇద్దరి ఉమ్మడి స్థూల ఆదాయం ఏడాదికి 5 లక్షల డాలర్ల లోపు ఉంటే ఒక సూత్రం ఉంది. ఇచ్చేవారి నికర ఆదాయంలో మూడో వంతు నుంచి, తీసుకునేవారి నికర ఆదాయంలో 25 శాతం తీసేయాలి. అలా వచ్చిన మొత్తం, తీసుకునేవారి సొంత ఆదాయంతో కలిపి, ఇద్దరి ఆదాయంలో 40 శాతం దాటకూడదు. ఉదాహరణకు ఒకరికి నెలకు 9,000 డాలర్లు, మరొకరికి 3,000 చేతికి వస్తున్నాయనుకుందాం. సూత్రం ప్రకారం 2,250 రావాలి. కానీ 40 శాతం హద్దు 4,800 కాబట్టి 1,800 దగ్గర ఆగుతుంది. ఎంతకాలం అన్నది కాపురం వయసును బట్టి ఉంటుంది. పదేళ్ల కాపురమైతే సుమారు నాలుగేళ్ల నాలుగు నెలలకు పైగా. ఇరవై ఏళ్లు దాటితే కాపురం చేసినంత కాలం, లేదా నిరవధికంగా.

పిల్లల ఖర్చుకు 2017 జులై నుంచి తల్లిదండ్రులిద్దరి ఆదాయాలనూ కలిపి లెక్కగడుతున్నారు. మన తల్లిదండ్రులకు ముఖ్యమైన సంగతి మరొకటుంది. పిల్లల కాలేజీ ఖర్చులో వాటా భరించాలని విడిపోయిన తల్లిదండ్రులను ఆదేశించే అధికారం ఇల్లినాయిస్ కోర్టులకు ఉంది. చాలా రాష్ట్రాల్లో ఈ సౌకర్యం లేదు.

ఒప్పుకోలే బలం

మళ్లీ 1991 తీర్పు దగ్గరికి వద్దాం. విదేశీ విడాకులన్నీ చెల్లవని సుప్రీంకోర్టు అనలేదు. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం ఒప్పుకున్న కోర్టు, ఆ చట్టం ఒప్పుకున్న కారణంతో ఇచ్చిన తీర్పు మాత్రమే చెల్లుతుందని చెప్పి, మూడు మినహాయింపులు ఇచ్చింది. ఒకటి: ఎవరి మీద కేసు వేశారో వాళ్లు స్థిరంగా నివసించే చోటే కేసు వేసి, మన చట్టంలో ఉన్న కారణంతో తీర్పు పొందడం. రెండు: అవతలి వ్యక్తి తనంతట తానుగా ఆ కోర్టుకు హాజరై, మన చట్టంలో ఉన్న కారణం మీదే వాదించడం. మూడు: అవతలి వ్యక్తి ఆ తీర్పుకు ఒప్పుకోవడం.

మొదటి రెండింటిలో ‘మన చట్టంలో ఉన్న కారణం’ అనే షరతు ఉంది. ‘సర్దుకోలేని విభేదాలు’ అన్న ఒక్క కారణంతోనే నడిచే ఇల్లినాయిస్‌లో ఆ షరతు నెరవేర్చడం కష్టం. మూడో దానికి కావలసింది అవతలివారి ఒప్పుకోలు. హిందూ వివాహ చట్టంలో కూడా పరస్పర అంగీకార విడాకులకు 13బి సెక్షన్ ఉంది కాబట్టి, ఇద్దరూ కలిసి ఒప్పుకున్న విడిపోవడం మన చట్టానికి పరాయిది కాదు.

అందుకే ఇక్కడి లాయర్లు మధ్యవర్తిత్వం గురించి చెబుతుంటే ‘ఖర్చు తగ్గుతుంది, టైమ్ కలిసొస్తుంది’ అన్న మాట దగ్గరే ఆగకండి. మనలాంటి వాళ్లకు అంతకన్నా పెద్ద లాభం ఉంది. ఇద్దరూ సంతకం పెట్టిన ఒప్పందం మీద వచ్చిన తీర్పు రేపు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ప్రశ్నకు నిలబడే అవకాశం ఎక్కువ. ఆ ఒప్పందంలో ఈ కోర్టు అధికార పరిధికీ, విడాకులకూ ఇద్దరూ ఇష్టపూర్వకంగా సమ్మతిస్తున్నట్టు స్పష్టంగా రాయించుకోవాలి. తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకుని, ఇల్లినాయిస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం నుంచి అపోస్టిల్ ముద్ర వేయించుకోవాలి. తిరుపతి కేసులో మిస్సోరీ తీర్పు జిరాక్స్ కాపీ సాక్ష్యంగా పనికిరాదని హైకోర్టు పక్కన పెట్టిన సంగతి మరవద్దు.

ఇద్దరూ ఇండియాలోనే 13బి కింద విడాకులు తీసుకోవాలనుకుంటే ఆ దారీ ఉంది. ఏడాదిగా విడిగా ఉండి ఉండాలి. మొదటి దరఖాస్తుకూ రెండోదానికీ మధ్య ఆరు నెలల గడువు ఉంటుంది. తగిన పరిస్థితుల్లో ఆ ఆరు నెలలను కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాలేని పరిస్థితి ఉంటే వీడియో కాన్ఫరెన్స్ ద్వారా, లేదా తల్లిదండ్రులు, తోబుట్టువుల ద్వారా హాజరు కావడానికి కోర్టు అనుమతించవచ్చని కూడా అదే తీర్పులో ఉంది. ఇక్కడా, అక్కడా దేన్ని ముందు చేయాలో రెండు దేశాల లాయర్లతోనూ ఒకసారి మాట్లాడి నిర్ణయించుకోండి.

ఇండియాలో ఉండగా ఇక్కడి సమన్లు అందితే?

గుంటూరు నుంచి ఫోన్ చేసిన తండ్రి లాంటి వాళ్ల కోసం ఈ మాట. అమెరికా కోర్టు కాగితాన్ని బీరువాలో పడేయకండి. కంగారుపడి సంతకం పెట్టి తిప్పి పంపకండి. పట్టించుకోకపోతే ఇక్కడ ఏకపక్ష తీర్పు వస్తుంది. ఇండియాలో అది నిలబడకపోయినా అమెరికాలో నిలబడుతుంది, వీసా మీద ప్రభావం చూపిస్తుంది. మరోవైపు, తెలియక పూర్తిగా హాజరై వాదిస్తే ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకున్నట్టు కావచ్చు. తిరుపతి కేసులో భార్య చేసినట్టు అభ్యంతరం తెలుపుతూ జవాబివ్వాలా, ఇక్కడ లాయర్‌ను పెట్టుకోవాలా, లేక కూర్చుని మాట్లాడుకోవాలా అన్నది గడువు దాటకముందే లాయర్‌తో తేల్చుకోవాలి.

డబ్బు తీర్పుల విషయంలో మరో చిక్కు ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద ఇండియా గుర్తించిన దేశాల జాబితాలో అమెరికా లేదు. ఇక్కడి భరణం తీర్పును నేరుగా అక్కడ అమలు చేయించలేం. దాని ఆధారంగా అక్కడ మళ్లీ దావా వేయాలి. రాబట్టుకోవడానికి ఏళ్లు పట్టే తీర్పు కన్నా, అవతలివారు ఒప్పుకుని కట్టే మొత్తం కొంచెం తక్కువైనా మేలని చాలామంది అనుభవం మీద చెబుతారు.

పెద్దమనుషుల పంచాయితీ కాదు

మధ్యవర్తిత్వం అనగానే మనవాళ్లకు మేనమామ, పెదనాన్న, ఇద్దరు పెద్దమనుషులు, హాల్లో కుర్చీలు గుర్తొస్తాయి. ఇప్పుడైతే వాట్సాప్ కాన్ఫరెన్స్ కాల్. ఆ పంచాయితీలో పెద్దలు తీర్పు చెబుతారు. ‘సర్దుకుపో అమ్మా’ అన్న మాటతో ముగిసేవి ఎక్కువ. అక్కడ అన్న మాట నాలుగు రోజుల్లో నలుగురికీ చేరుతుంది.

ఇల్లినాయిస్ కోర్టులు పంపే మధ్యవర్తిత్వం అలాంటిది కాదు. శిక్షణ పొందిన మధ్యవర్తి ఇద్దరినీ కూర్చోబెడతారు. తీర్పు చెప్పరు, ఎవరి పక్షానా లాయర్‌గా సలహా ఇవ్వరు. కలిసుండమని, విడిపొమ్మని ఒత్తిడి చేయరు. అక్కడ మాట్లాడిన మాటలకు యూనిఫాం మీడియేషన్ యాక్ట్ గోప్యత కల్పించింది. కొన్ని మినహాయింపులు తప్ప వాటిని రేపు కోర్టులో సాక్ష్యంగా వాడకూడదు. పిల్లల విషయంలో విభేదాలుంటే ప్రతి సర్క్యూట్‌లోనూ మధ్యవర్తిత్వ కార్యక్రమం ఉండాలని ఇల్లినాయిస్ సుప్రీంకోర్టు 905వ నిబంధన చెబుతోంది. ఆస్తి, భరణం విషయాల్లో ఇద్దరూ ఇష్టపడి మధ్యవర్తిని పెట్టుకోవచ్చు.

అక్కడ కుదిరిన అంశాలను రాసుకుంటారు. ఇద్దరి లాయర్లూ చూసి ఒప్పందంగా మారుస్తారు. జడ్జి పరిశీలించి తీర్పులో కలుపుతారు. ఒప్పందం మరీ అన్యాయంగా ఉంటే జడ్జి తిరస్కరించవచ్చు. పిల్లలకు సంబంధించిన అంశాలకు జడ్జి కట్టుబడి ఉండనక్కర్లేదు. వాళ్ల మేలు చూసే తేలుస్తారు.

మధ్యవర్తి దగ్గరికి వెళ్లేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, ఎవరి లాయర్ వాళ్లకు ఉండాలి. ఒకరి లాయరే ఇద్దరి తరఫునా చూడలేరు. రెండు, లెక్కలన్నీ బల్ల మీద ఉండాలి. ఇండియాలోని ప్లాట్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, తల్లిదండ్రుల పేరు మీద కొన్న ఫ్లాట్‌కు పంపిన డబ్బు కూడా చెప్పాలి. ఇల్లినాయిస్ కోర్టు హైదరాబాద్ ప్లాట్ రిజిస్ట్రేషన్‌ను నేరుగా మార్చలేదు కానీ, దాని విలువను లెక్కలో కలిపి, ఆ మేరకు మరొకరికి ఇవ్వమని మనిషిని ఆదేశించగలదు. మూడు, నచ్చకపోతే సంతకం పెట్టకుండా లేచి రావచ్చు.

బంగారం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పెళ్లిలో అమ్మాయికి పెట్టిన నగలు స్త్రీధనం. అత్తింటివారి లాకర్లో ఉన్నా అవి ఆమెవేనని 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఊళ్లో లాకర్ తాళం ఎవరి దగ్గర ఉందో, ఏయే నగలు ఉన్నాయో ఫొటోలతో సహా జాబితా రాసి ఒప్పందంలో చేర్చండి. ఆస్తులన్నీ పంచుకున్న తర్వాత వడ్డాణం దగ్గర మాట ఆగిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

పిల్లల్ని తీసుకుని విమానం ఎక్కేముందు

‘కొన్నాళ్లు పుట్టింట్లో ఉండి వస్తాను’ అని పిల్లలతో ఇండియా వెళ్లి, అక్కడే స్కూల్లో చేర్పించడం మనలో కొత్త కాదు. దానివల్ల రెండు దేశాల్లో రెండు కేసులు నడుస్తాయి. పిల్లల అపహరణకు సంబంధించిన 1980 హేగ్ ఒప్పందంలో ఇండియా చేరలేదు. అందుకని ఇండియా కోర్టులు ప్రతి కేసునూ పిల్లల మేలు కొలమానంగా విడిగా చూస్తాయి. కొన్నిసార్లు పిల్లలను ఇండియాలోనే ఉంచాయి, కొన్నిసార్లు తిరిగి పంపాయి. 2019 మార్చిలో హైదరాబాద్‌కు చెందిన, పెన్సిల్వేనియాలో కాపురం ఉన్న దంపతుల కేసులో, అమెరికాలో పుట్టిన ఇద్దరు పిల్లలనూ తిరిగి అమెరికా తీసుకెళ్లాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. తల్లి ముందు అమెరికా కోర్టులోనే కేసు వేసి, తర్వాత పిల్లలతో హైదరాబాద్ వెళ్లి అక్కడ మరో కేసు వేశారు.

అమెరికా లెక్కలో పిల్లలు గత ఆరు నెలలుగా ఏ రాష్ట్రంలో ఉంటున్నారో ఆ రాష్ట్ర కోర్టుకే ముందు అధికారం. ఇల్లినాయిస్‌లో ‘కస్టడీ’ అన్న మాటే 2016లో పోయింది. చదువు, వైద్యం, మతం, ఇతర కార్యకలాపాల మీద నిర్ణయ బాధ్యతలు, పిల్లలతో గడిపే సమయం అని వేర్వేరుగా చూస్తారు. ఈ పేరెంటింగ్ ప్లాన్‌లో వేసవి సెలవులకు ఇండియా వెళ్లడం, సంక్రాంతి, దసరా ఎవరి దగ్గర, పాస్‌పోర్టులు ఎవరి దగ్గర, రిటర్న్ టికెట్ వివరాలు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి అన్నవి రాసుకోవచ్చు. మధ్యవర్తి దగ్గర కూర్చుంటే తాతయ్య, అమ్మమ్మలతో వారానికోసారి వీడియో కాల్ కూడా రాసుకోవచ్చు. ఇలాంటివి కోర్టు తనంతట తాను ఆలోచించి రాయడం అరుదు.

తర్వాత ఇల్లు మారాలన్నా నియమాలున్నాయి. పిల్లల ప్రధాన నివాసం కేన్, డుపేజ్, విల్ కౌంటీల్లో ఉంటే రాష్ట్రంలోపల 25 మైళ్లు దాటి మారడానికి అవతలి తల్లి లేదా తండ్రి ఒప్పుకోలు, లేదంటే కోర్టు అనుమతి కావాలి. కెండాల్‌లో ఆ దూరం 50 మైళ్లు. రాష్ట్రం దాటితే ఎవరికైనా 25 మైళ్లే. అరోరాలో వీధికి ఈ పక్క, ఆ పక్క అన్న తేడా ఇక్కడా పనిచేస్తుంది.

పిల్లల్ని చెప్పకుండా తీసుకెళ్తారన్న భయం ఉంటే, అమెరికా విదేశాంగ శాఖ పాస్‌పోర్ట్ అలర్ట్ ప్రోగ్రాంలో పిల్లల పేర్లు నమోదు చేయించుకోవచ్చు. పదహారేళ్లలోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టుకు మామూలుగా తల్లిదండ్రులిద్దరి సమ్మతీ కావాలి.

వీసా గడియారం

హెచ్-4 మీద ఉన్నవారికి విడాకుల తీర్పు వచ్చిన రోజుతో ఆ హోదా పోతుంది. దాని మీద వచ్చిన వర్క్ పర్మిట్ కూడా పోతుంది. జీవిత భాగస్వామి గ్రీన్‌కార్డ్ దరఖాస్తులో తోకగా ఉన్నవారు, తమ కార్డు చేతికి రాకముందే విడాకులైతే ఆ వరుసలోంచి బయటికి వచ్చేస్తారు. కేసు వేయడంతో హోదా పోదు, తీర్పుతో పోతుంది. అందుకే తీర్పు తేదీ కూడా మాట్లాడుకోవాల్సిన అంశమే. విడాకుల లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌ను కూడా ముందే కలవాలి. చదువుకు ఎఫ్-1కు మారడానికో, సొంత హెచ్-1బికో కొన్ని నెలల వ్యవధి ఇవ్వడం అవతలివారికి పెద్ద కష్టం కాదు. కోర్టు మెట్ల మీద పగబట్టి నిలబడితే మాత్రం ఆ మాట అడగడమే కష్టమవుతుంది.

చెయ్యి లేస్తే మధ్యవర్తిత్వం వద్దు

ఇంతసేపు కూర్చుని మాట్లాడుకోమని చెప్పాను. దానికి ఒక గట్టి హద్దు ఉంది. కొట్టడం, బెదిరించడం, పాస్‌పోర్టు దాచేయడం, డబ్బు చేతికి ఇవ్వకుండా ఇంట్లో కట్టేసినట్టు ఉంచడం ఉన్నచోట మధ్యవర్తిత్వం పనిచేయదు. భయపడే మనిషి ఇచ్చే ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు. హింస ఉంటే మధ్యవర్తిత్వం నుంచి మినహాయింపు అడగవచ్చు. అడగాలి కూడా.

ఇల్లినాయిస్ గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు కోసం కోర్టు ఫీజు లేదు. అత్యవసర ఉత్తర్వును అవతలివారికి ముందు చెప్పకుండానే ఇవ్వవచ్చు. అది 21 రోజుల వరకు ఉంటుంది. విచారణ తర్వాత రెండేళ్ల వరకు పూర్తి ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఈ రక్షణ భర్త నుంచే కాదు, ఇంట్లో హింసించే అత్తమామల నుంచి కూడా. హింసకు గురవుతున్న మగవాళ్లకూ, ఇంట్లో ఉంటున్న పెద్దవాళ్లకూ వర్తిస్తుంది.

‘పోలీసుల దగ్గరికి వెళ్తే వీసా పోతుంది’ అని బెదిరించే భర్తలున్నారు. అది నిజం కాదు. హెచ్-4 మీద హింస అనుభవించినవారు సొంతంగా వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకునే వీలుంది. భర్త అమెరికా పౌరుడో, గ్రీన్‌కార్డ్ ఉన్నవాడో అయితే 1994 నాటి ‘వావా’ చట్టం కింద ఆయన సంతకం లేకుండానే ఆమె సొంతంగా పిటిషన్ వేసుకోవచ్చు.

సాయం దగ్గర్లోనే ఉంది. అరోరాలోనే ఉన్న మ్యూచువల్ గ్రౌండ్ గృహహింస బాధితులకు ఆశ్రయం ఇస్తుంది. షికాగోలోని అప్నా ఘర్ మూడు దశాబ్దాలకు పైగా దక్షిణాసియా కుటుంబాలతో పనిచేస్తోంది. ఆదాయం తక్కువగా ఉన్నవారికి ప్రెయిరీ స్టేట్ లీగల్ సర్వీసెస్ సివిల్ కేసుల్లో ఉచిత న్యాయ సహాయం అందిస్తుంది. ఇల్లినాయిస్ గృహహింస హాట్‌లైన్ 877-863-6338, జాతీయ హాట్‌లైన్ 800-799-7233. ప్రాణభయం ఉంటే 911. నాట్స్ వంటి తెలుగు సంస్థలకు హెల్ప్‌లైన్లున్నాయి. ఇండియాలో వదిలేసి వచ్చిన భార్యల ఫిర్యాదుల కోసం జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై విభాగం ఉంది. షికాగోలోని భారత కాన్సులేట్‌ను కూడా సంప్రదించవచ్చు.

మొదటి వారంలో చేయాల్సినవి

విడిపోవాలన్న ఆలోచన గట్టిపడితే ముందుగా కాగితాలు సర్దుకోండి. పెళ్లి సర్టిఫికెట్, పాస్‌పోర్టులు, వీసా పత్రాలు, మూడేళ్ల టాక్స్ రిటర్నులు, రెండు దేశాల్లోని బ్యాంకు, ఆస్తి వివరాలు కాపీలు తీసి భద్రమైన చోట పెట్టుకోండి. పెళ్లి ఏ చట్టం కింద రిజిస్టరైందో చూడండి. ఇద్దరూ అమెరికా పౌరులై ఇక్కడే స్థిరపడితే లెక్క వేరుగా ఉండవచ్చు, లాయర్‌కు ఆ సంగతి ముందే చెప్పండి. ఉమ్మడి ఖాతా ఖాళీ చేయడం, పిల్లలతో చెప్పకుండా ప్రయాణం కట్టడం, ఫేస్‌బుక్‌లో రాయడం, ఈ మూడూ వద్దు. రేపు జడ్జి ముందు ఇవే మీకు ఎదురు తిరుగుతాయి.

ఇండియాలోని పెద్దలకూ ఒక మనవి. మీ ప్రేమ మాకు తెలుసు. కానీ మొదటి ఫోన్‌కే అక్కడ పోలీస్ స్టేషన్‌కు వెళ్తే, మాట్లాడుకునే దారి తరచూ ఆ రోజే మూసుకుపోతుంది. నిజంగా హింస, కట్నం వేధింపు ఉంటే కేసు పెట్టాల్సిందే, వెనకాడొద్దు. లేనప్పుడు మాత్రం పిల్లలిద్దరికీ కాస్త వ్యవధి ఇవ్వండి.

పెళ్లికి రెండు వైపులా ఒప్పుకోలు కావాలని మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. విడిపోవడానికి కూడా అది ఉంటే వచ్చే కాగితం జెనీవా కోర్టులో ఎంత చెల్లుతుందో తిరుపతి కోర్టులోనూ అంతే చెల్లే అవకాశం ఉంటుంది. పిల్లల స్కూల్ గ్రాడ్యుయేషన్ రోజున ఇద్దరూ ఒకే హాల్లో కూర్చోగలిగే అవకాశం కూడా ఉంటుంది.